గుట్ట మీద మండలం, గదిలో ముప్పావుగంట

యాదగిరిగుట్ట స్వామిని వైద్య నరసింహుడని ఎందుకంటారో పాత నల్లగొండ జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎక్కడా కుదరని రోగంతో గుట్ట చేరడం, గుండంలో మునగడం, తడిబట్టలతో ప్రదక్షిణలు చేయడం, రాత్రి అక్కడే నిద్ర చేయడం, ఇట్లా ఒక మండలం. స్వామి కలలోకొచ్చి ఆపరేషన్ చేసి పోయిండని చెప్పేవాళ్లు ఇప్పటికీ వాడకొకరు దొరుకుతారు. ప్రాచీన గ్రీకుల ఎపిడారస్‌లోనూ ఇదే తంతు. రోగులు అస్క్లెపియస్ గుడిలో పడుకునేవాళ్లు, దేవుడు కలలోనే కోసి కట్టు కట్టేవాడు.

ఇట్లాంటి రోగులనే చేరదీసే రెండో సంప్రదాయం, కౌన్సెలింగ్ గది, వయసులో చిన్నది. 1979లో అమెరికాలో జాన్ కబత్-జిన్ మసాచుసెట్స్ వైద్య విశ్వవిద్యాలయంలో ఒక క్లినిక్ తెరిచాడు. మందులకు లొంగని నొప్పులవాళ్లను డాక్టర్లు ఆయన దగ్గరికి పంపేవాళ్లు. ఎనిమిది వారాల కోర్సు. నొప్పి పోతుందన్న హామీ లేదు, నొప్పితో పాటు బతకడం నేర్పుతానన్న మాట ఉంది. మన దగ్గర ఈ తోవ జిల్లా ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిగా, 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ అనే మానసిక సాయం ఫోన్ నంబరు 14416గా కనిపిస్తుంది.

ఈ రెండింటి చుట్టరికం గడప దగ్గరే తెలుస్తుంది. రెండుచోట్లా వచ్చేది మందులు విసిగించినవాళ్లే. రెండూ మొదట ఇచ్చేది ఒక గడువు. నలభై రోజులైనా, ఎనిమిది వారాలైనా, అంతులేని జబ్బుకు ఒక లెక్క దొరుకుతుంది. షుగరు, కీళ్లవాతం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అన్నిటికన్నా కరువైనది అదే. రేపటికీ ఎల్లుండికీ తేడా లేనిచోట, ఇయ్యాల పన్నెండో రోజు అని చెప్పుకోగలగడం చిన్న సంగతి కాదు.

తేడా మాట దగ్గర మొదలవుతుంది. గుట్ట మీద ఎవరూ ఏమీ అడగరు. కూలిమనిషీ, టీచరమ్మా తడి బండల మీద ఒకే వరసలో నడుస్తారు. పక్కన నడిచే ముసలమ్మ ‘ఏమైంది బిడ్డా’ అంటే చెప్పొచ్చు, చెప్పకపోనూవచ్చు. గదిలో అయితే మాటే మందు, మాట పెగలని మనిషికి అక్కడ ఊపిరాడదు. మన పల్లెల్లో దిగులు దిగులన్న పేరుతో రాదు. ‘పానం మంచిగ లేదు’, ‘గుండెల గాబరైతుంది’, ‘కాళ్లు గుంజుతున్నయ్’ అంటూ ఒంటి మీదుగా వస్తుంది. కౌన్సెలర్ ముందు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. గత రెండు వారాల్లో నిద్ర ఎట్లుంది, నీరసంగా ఉందా, ఆకలైతుందా అని అడుగుతూ ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులేస్తారు, మొత్తం 27. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషికి నిద్ర లేకపోవడం, నీరసం, ఆకలి చచ్చిపోవడం జబ్బుతోనే రావచ్చు. ఆ మూడింటికే తొమ్మిది పడితే, మనసు సంగతి ఆ కాగితానికి ఏం తెలిసినట్టు? అనుభవమున్న కౌన్సెలర్ మొత్తాన్ని అంతగా నమ్మరు, చివరి ప్రశ్న దగ్గర ఆగుతారు. బతికుండటం కన్నా చావే నయమనిపించిందా? గుట్ట మీద ఈ ప్రశ్న అడిగే మనిషి లేడు. గదికి నేను దండం పెట్టేది ఇక్కడే.

నింద వేయడంలో మాత్రం రెండూ తక్కువ తినలేదు. జబ్బు తగ్గకపోతే అక్కడ మడి తప్పిందంటారు, నమ్మకం చాలలేదంటారు. ఇక్కడ మూడు నెలల షుగర్ సగటు చూసి ‘నోరు కట్టుకోలేదు కదా’ అంటారు. రోగి రెండుచోట్లా తల దించుకునే లేస్తాడు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది వెంట వచ్చిన మనిషి సంగతి. గుట్టకు రోగి ఒక్కడే రాడు. తల్లో భార్యో వెంట ఉంటుంది, తనూ గుండంలో మునుగుతుంది, తనూ తిరుగుతుంది, అతను లేవలేని రోజున అతని వంతు ప్రదక్షిణలు కూడా తనే చేస్తుంది. మొక్కు ఇద్దరిదీ. క్లినిక్‌లో అయితే ఆమె చోటు గది బయటి బెంచీ, చేతిలో రిపోర్టుల కవరు. ఆమెకు నిద్ర పడుతోందా అని అడిగే కాగితం తెరుచుకోదు. ఇది ఆధునిక వైద్యం స్వభావమే అనుకుంటే పొరపాటు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచుకున్నాడు. సంరక్షకుల భారాన్ని అంచనా కట్టే జారిట్ ప్రశ్నావళి కూడా 1980 నుంచే ఉంది. అట్లాగే, మూసిన తలుపుకూ ఒక విలువుంది. అత్త పక్కన నడుస్తున్నప్పుడు కోడలు చెప్పలేని మాట గదిలోనే బయటికొస్తుంది.

నల్లగొండ జిల్లాలోనే ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లయిన మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు వస్తే ఈ పోలిక కొంచెం తడబడుతుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే అచ్చయింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లే ఏళ్లకేళ్లు తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, వంగిన నడుము మళ్లీ నిలబడదు. గుట్ట దీన్ని కర్మ ఖాతాలో వేస్తుంది, గది ఓర్పు నేర్పుతుంది. బోరునీళ్లు మాత్రం రెండింటి మాటా వినవు. జలసాధన సమితి నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ ఈ రోగులను జనం ముందుకు తెచ్చాడు. ఈ గోస చాటడానికే 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలిచి బ్యాలెట్ కాగితాన్ని పుస్తకమంత చేశారు. ఫ్లోరోసిస్ బాధితుడు, శివన్నగూడెం అంశల స్వామి తన ఒంటినే సాక్ష్యంగా ఢిల్లీ దాకా తీసుకుపోయాడు, 2023 జనవరిలో చనిపోయాడు. ఈ పోరాటం పై రెండు ఖాతాల్లోనూ పట్టదు. అయినా నా జబ్బు నా పాపం కాదని నలుగురి మధ్య తెలుసుకున్నవాడికి కొంత బరువు దిగే ఉంటుంది.

పాలమూరులో చిక్కు వేరు. నారాయణపేట, మక్తల్, కోస్గి దిక్కున కొడుకూ కోడలూ ముంబై, పుణెలకు పనికి పోతారు, బీపీ గోళీలతో ముసలివాళ్లు ఇంటికాడ మిగులుతారు. గుట్టెక్కించడానికీ మనిషి లేదు, బెంచీ మీద కూర్చోవడానికీ లేదు. ఒకప్పుడు ఈ పాలమూరు జిల్లాలోనే ఉన్న జహంగీర్ పీర్ దర్గాకు కందూరు అనే మొక్కు విందు చేయడానికి బంధువులంతా ఒక్కటై వచ్చే రోజే ఇంట్లో మిగిలిన ముసలాయన పెద్దరికం కుటుంబానికి కళ్లబడేది. ఏ కౌన్సెలరూ అంతమందిని కూడగట్టలేడు. మిగతా రోజుల్లో 14416కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, డబ్బులు కట్టక్కర్లేదు. అయితే చెవులు మందగించిన మనిషికి ఫోనెందుకు? ప్రభుత్వ పాలియేటివ్ కేర్‌లో ‘ఆలన’ బండి మంచంపట్టినవాళ్ల ఇంటికే నర్సును తెస్తుంది. గుట్టకైనా గదికైనా రోగే పోవాలన్న నియమం ఈ బండి దగ్గర తప్పుతుంది. ఆ నర్సు పుండు కడిగి, కట్టు మార్చి, లేచేముందు వంటింట్లో ఉన్న మనిషిని కూడా పిలిచి ‘నువ్వు తిన్నవా, పండుకుంటున్నవా’ అని అడిగితే, గుట్టకు తెలిసిన పని గది చేసినట్టు.