వ్రాతప్రతి నుండి విద్యుత్ప్రతి వఱకు : పాఠరక్షణమున లేఖనప్రమాణముల స్థానము

1

పాఠమనగా నేమి? తాటియాకుపై గాని కాగితముపై గాని కంటికి కనబడు రూపమా, లేక ఆ రూపము వెనుక నిలిచియుండు అక్షరక్రమమా? ఈ ప్రశ్న పరిష్కర్తలకు క్రొత్తది కాదు. తాళపత్రప్రతిలో వ్రాయసకాని చేవ్రాలు ఎంత వంకరగా నున్నను, పరిష్కర్త ఆ వంకరలను విడిచి, అతడు వ్రాయదలచిన అక్షరమునే గ్రహించుచున్నాడు. రూపము ప్రతికి చెందినది. అక్షరము పాఠమునకు చెందినది. ఈ వివేకమే పాఠపరిష్కరణమునకు పునాది.

నేడు మన వ్యాసములు, సిద్ధాంతగ్రంథములు, పరిష్కృత ముద్రణములు దాదాపు అన్నియు కంప్యూటరుపైననే సిద్ధమగుచున్నవి. ఇట్టి తఱి ఆ పాతవివేకమును మనము మఱచితిమా యను సందేహము కలుగుచున్నది. పలువురు కలిసి పత్రములను సిద్ధపఱచుటకు సంస్థలు ఏర్పఱచుకొనుచున్న పోర్టళ్లును, ఏ ఒక్కరి సొత్తును గాక బహిరంగముగా ప్రకటితమైన పత్రప్రమాణములును సాంకేతికుల విషయములని మనవారు తలచుచున్నారు. అవి పాఠపరిష్కర్తల విషయములు కూడ నని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

2

ఈ చర్చకు విశాఖపట్టణము తగిన నిదర్శనము. ఇచ్చటి ఓడరేవు 1933లో వ్యాపారమునకు తెఱవబడినది. ఒక ఓడ రేవు చేరినచో దానితో పని గలవారు ఒకరిద్దరు కారు. ఓడ ఏజెంటు, కస్టమ్సువారు, రేవు అధికారులు, రైల్వేవారు, సరకు పంపినవారు, అందుకొనువారు—వీరందఱును ఒకే వివరములను చదువవలసియున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున పత్రము వ్రాసినచో ఓడ కదలదు. కావుననే 1965లో కుదిరిన అంతర్జాతీయ నౌకాయాన సౌలభ్యపు ఒడంబడిక, ఓడలు చూపవలసిన పత్రములకు సమానరూపము నేర్పఱచినది. ఆ ఒడంబడికలో చేరిన దేశముల రేవులలో ఈ సమాచారవినిమయము ఎలక్ట్రానిక్ పద్ధతిని జరుగుట 2019 ఏప్రిల్ 8 నుండి విధి యైనది. అన్ని పత్రములకు ఒకే ద్వారముండుట 2024 జనవరి 1 నుండి విధి యైనది. మన దేశపు రేవులకు ఇట్టి ఉమ్మడి పోర్టల్ 2018 డిసెంబరులో ‘పోర్టు కమ్యూనిటీ సిస్టమ్ 1ఎక్స్’ అను పేర ప్రారంభింపబడినది.

రేవులో దించు కంటైనర్లను చూడుడు. వాని కొలతలకు అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1968లో ప్రమాణమును ప్రకటించినది. పెట్టె లోపల ఇనుప ఖనిజమున్నను, వస్త్రములున్నను, పెట్టె కొలత మాత్రము లోకమునకెల్ల తెలిసినదే. ఆ కొలత ఏ కంపెనీ సొత్తును కాదు. కావుననే ఏ రేవులోని క్రేను ఐనను దానిని ఎత్తగలదు. లోపలి వస్తువున స్వాతంత్ర్యము, వెలుపలి రూపమున ఒప్పందము—ప్రమాణమనుదాని సారమంతయు ఇదియే.

1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము వంటి పెద్ద నిర్మాణములలో మఱియొక నియమము కనబడును. అచ్చట ప్రతి యంత్రచిత్రము పైనను సవరణసంఖ్య యుండును. పాతచిత్రము చూచి పని చేసినచో గోడ తప్పుచోట లేచును. కనుక ఏది తుదిప్రతియో, దానికి ముందు ఏవి యుండినవో, ఎవరు ఎప్పుడు మార్చిరో వ్రాతలో నుండవలయును. మన పరిశోధకుల కంప్యూటర్లలో నుండు ‘తుదిప్రతి’, ‘తుదిప్రతి-2’, ‘అసలు తుదిప్రతి’ అను ఫైళ్లను దీనితో పోల్చి చూచినచో, పాఠభేదములను గూర్చి జీవితమంతయు చర్చించు మనకంటె ఇనుము కరగించువారే పాఠక్రమమును శ్రద్ధగా కాపాడుకొనుచున్నారని ఒప్పుకొనవలసివచ్చును.

3

తెలుగు డి.టి.పి. చరిత్రలో ‘అను’ మొదలగు ఫాంటుల యుపకారము మఱవరానిది. వానివలననే గత మూడు దశాబ్దములలో వేలకొలది తెలుగు పుస్తకములు అందముగా వెలువడినవి. పుటలు కూర్చు సాఫ్ట్‌వేర్లు చిరకాలము యూనికోడ్ తెలుగును సరిగా కూర్పలేకపోయినవి. కనుక ముద్రాపకులు ఆ మార్గము త్రొక్కుట దోషము కాదు. కాని ఆ ఫాంటుల నిర్మాణమును తెలిసికొనుట మన విధి. వానిలో తెలుగు అక్షరమునకు తెలుగు అక్షరముగా స్థానము లేదు. రోమను అక్షరములకై ఏర్పడిన సుమారు 256 గదులలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను అమర్చి, వానిని ప్రక్కప్రక్కన పేర్చి కంటికి ‘క’గా గాని ‘కృ’గా గాని కనబడునట్లు చేసిరి. ఫాంటు తీసివేసినచో మిగులునది అర్థము లేని రోమను లిపి. అనగా ఆ ఫైలులో రూపము కలదు, అక్షరము లేదు.

దీని పర్యవసానము పరిశోధనరంగమున స్పష్టముగా కనబడుచున్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009 నాటి నిబంధనలలో సిద్ధాంతగ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పింపవలెనని విధించినది; అవి ‘శోధగంగ’ భాండాగారమున చేరుచున్నవి. పాత ఫాంటులతో సిద్ధమైన తెలుగు గ్రంథమును తెరపై చదువవచ్చును. కాని అందు ఒక పదమును వెదకినచో దొరకదు, ఒక వాక్యమును ఎత్తి వ్రాసికొనినచో అది మఱియొక లిపియై వచ్చును. ఈ వ్యాసకర్త చూచిన ఒక సిద్ధాంతగ్రంథమున నాలుగు వందల పుటల పదసూచిక శ్రమతో కూర్పబడియున్నది. ఆ పదములలో ఒక్కటియు యంత్రమునకు పదము కాదు. పిడిఎఫ్ రూపమున దాచితిమి కదా యను సమాధానము చాలదు. పిడిఎఫ్ ప్రధానముగా కంటికి విధేయము. చిరకాలభద్రతకై 2005లో ప్రమాణమైన పిడిఎఫ్-ఎ యందు, 2011 నాటి రెండవ భాగమున మాత్రమే, ప్రతి రూపమునకును దాని యూనికోడ్ అక్షరము జోడింపబడవలెనను ప్రత్యేకస్థాయి యొకటి ఏర్పడినది. ఆ స్థాయిని కోరువారు మనలో నరుదు.

4

సార్వజనీన పత్రప్రమాణములలో ముఖ్యమైనది ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్. ఇది 2005 మేలో ‘ఒయాసిస్’ అను సంస్థచే ఆమోదింపబడి, 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. దీని ఫైలును విప్పి చూచినచో అదియొక మూట. అందు విషయము ఒక పత్రమునను, అలంకరణము వేఱొక పత్రమునను, కర్త, కాలము మొదలగు వివరములు మఱియొక పత్రమునను చదువదగిన లిపిలో వేర్వేరుగా నుండును. పాఠము, రూపము, ప్రతివివరణము అను మూడింటిని వేఱుచేయుట పరిష్కర్తలు తమ పీఠికలలో చేయు పనియే కదా! ఆ సాఫ్ట్‌వేర్ నశించినను, ప్రమాణగ్రంథమును చదివి మఱియొకరు ఆ మూటను విప్పగలరు.

మైక్రోసాఫ్టు సంస్థ ముందుకు తెచ్చిన రెండవ ప్రమాణము సుమారు ఆఱువేల పుటల గ్రంథము. అది 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. 2007 సెప్టెంబరు ఓటింగులో భారతదేశము దానికి వ్యతిరేకముగా ఓటు వేసినది. 2010 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సార్వజనీన ప్రమాణముల విధానము, ప్రభుత్వపత్రములు ఏ ఒక్క సంస్థ అదుపులోను ఉండరాదను సూత్రమును అంగీకరించినది. విధానము కలదు, ఆచరణము మందము. ఈ లోపము కార్యాలయములకు మాత్రమే చెందినదని విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలు తప్పించుకొనరాదు.

5

ఐనను ప్రమాణములను గ్రుడ్డిగా కొనియాడుట విమర్శ కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగునకు స్థానము లభించినది. భారతీయలిపులకు ఇస్కి పద్ధతి ఏర్పఱచిన క్రమమునే అది అనుసరించినది. కావున అన్ని లిపులలోను ఒకే వరుసలో అక్షరములు కూర్చబడినవి. అరసున్న, శకటరేఫము మొదటినుండియు నుండినవి. కాని ప్రాచీనశాసనములలో కనబడు ఴకారమునకు కేటాయింపదగిన గది 1991 నుండి ఖాళీగానే యుండి, 2014లో నిండినది. శాసనములలోని మఱియొక ప్రాచీనాక్షరము ౚ 2015లో చేరినది. అవగ్రహము, దంత్య చ-జలు (ౘ, ౙ) 2008లో వచ్చినవి. వ్రాతప్రతులలోను పాతముద్రణములలోను సుపరిచితమైన నకారపొల్లునకు 2021 వఱకు స్థానమే లేదు.

ఈ అక్షరములు ఆలస్యముగా చేరుటకు కారణము యంత్రముల అశక్తి కాదు. శాసనములు చదివినవారును, ఛందస్సున ద్రుతమునకు గల విలువ నెఱిగినవారును, ప్రమాణము నిర్ణయింపబడుచున్న వేళ అచ్చట తగినంతగా లేకపోవుటయే కారణమని తోచుచున్నది. 1991కిని 2021కిని నడుమ నకారపొల్లు గల ప్రతిని యూనికోడున ఎక్కించినవారు దానిని సామాన్యమైన ‘న్’గా మార్చక తప్పలేదు. అనగా లిపిసాక్ష్యమొకటి ముప్పదియేండ్లు నిశ్శబ్దముగా చెరిగినది. పాఠభేదమును లేఖకుడు మాత్రమే కాక, ప్రమాణము కూడ సృష్టింపగలదని దీనివలన తెలియుచున్నది.

మఱియొక సూక్ష్మము కలదు. ఐత్వచిహ్నమును యూనికోడున ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వచిహ్నమునకు క్రింది చిహ్నమును చేర్చి రెండుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. రెండును సమానములని ప్రమాణము చెప్పుచున్నది. కాని ఆ సామ్యమును పాటింపని సాఫ్ట్‌వేరులో ఒకదానిని వెదకినచో రెండవది దొరకదు. పదప్రయోగసంఖ్యలను లెక్కించి కర్తృత్వమును నిర్ణయింపబూనువారు మొదట ఈ భేదమును సమన్వయింపవలయును. పదకోశములను యంత్రముతో కూర్పబూనిన పరిశోధకవిద్యార్థికి ఇది వ్యాకరణమువలె నేర్చుకొనవలసిన విషయము.

6

ఇక పోర్టళ్ల విషయము. పలువురు కలిసి ఒక పాఠమును సిద్ధపఱచుట తెలుగున క్రొత్తకాదు. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి.బ్రౌను కడపలో పండితులను చేర్చి, పలుచోట్లనుండి వ్రాతప్రతులను తెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అందులకై స్వధనమును వెచ్చించి ఋణగ్రస్తుడయ్యెను. ప్రతులను సేకరించు ఒక చోటు, పని పంచుకొను పండితులు, భేదములను గుర్తించు పద్ధతి—నేటి పోర్టళ్లు కోరునవి ఈ మూడే. భేదమొక్కటి: బ్రౌను సేకరించిన ప్రతులు నేటికిని మద్రాసు ప్రాచ్యలిఖితభాండాగారమున చదువువారికి లభించుచున్నవి. నేటి పోర్టళ్లు పెక్కింటిలో పత్రము లోనికి పోవుటకు మార్గము కలదు గాని, మొత్తముగా బయటికి వచ్చుటకు మార్గము లేదు. ఒప్పందకాలము ముగిసిననాడు, లేక నిర్వహించువారు మాఱిననాడు, లోపలనున్నది ఏమగునో ముందుగా అడుగువారు లేరు.

పోర్టల్ కంటె దానిలోని పత్రములు స్థిరములైనప్పుడే మేలని చూపుటకు ఒక ఉదాహరణము చాలును. భారతీయ డిజిటల్ గ్రంథాలయము వేలకొలది తెలుగు పుస్తకముల ఛాయాప్రతులను ప్రజల కందించినది. ఆ జాలస్థలము 2017లో మూతపడినను, ప్రతులు అంతకుముందే బహిరంగముగా నుండుటచే ఇంటర్నెట్ ఆర్కైవున నిలిచినవి. ద్వారము కూలినది; గ్రంథములు మిగిలినవి. ఆ ఛాయాప్రతులను ఒకప్రక్క నుంచుకొని, మఱియొకప్రక్క యూనికోడున పాఠమును వ్రాసి సరిచూచు పనిని తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగా చేయుచున్నారు. అచ్చట ప్రతి సవరణయు కాలముతో సహా నిలిచియుండును. ఆ పనిలో పండితదృష్టి చాలునా యన్నది వేఱుప్రశ్న. పద్ధతి మాత్రము మనకు ఆదర్శప్రాయము.

సవరణచరిత్ర యెందుకని అడుగువారికి కన్యాశుల్కమే సమాధానము. గురజాడ అప్పారావుగారు ఆ నాటకమును 1897లో ప్రకటించి, 1909లో దాదాపు క్రొత్తనాటకముగా మలచి మఱల ప్రకటించిరి. రెండు ప్రతులును అచ్చైయుండుటచే ఆయన ప్రతిభాపరిణామమును మనము చర్చింపగలుగుచున్నాము. అదే నాటకము ఒక కంప్యూటరు ఫైలైయుండి, క్రొత్తపాఠము పాతపాఠముపై వ్రాయబడియుండినచో, మొదటి కన్యాశుల్కము మనకు మిగిలియుండెడిది కాదు. నేటి రచయితల విషయమున ఈ నష్టము ప్రతిదినము జరుగుచున్నది. చిత్తుప్రతి లేని యుగమున సాహిత్యవిమర్శకుడు ఏ సాక్ష్యముతో సృజనక్రమమును పరిశీలించును?

7

కావున తెలుగుశాఖలు చేయదగిన పని యిది. సిద్ధాంతగ్రంథమును యూనికోడున, సార్వజనీన ప్రమాణరూపమున సమర్పింపవలెనని కోరవలయును. పిడిఎఫ్ దానికి తోడు కావలయును గాని ప్రత్యామ్నాయము కారాదు. పరిష్కృతముద్రణములలో పాఠభేదములను పుటక్రింద చిన్నయక్షరములలో వ్రాసి విడువక, 1987లో ప్రారంభమైన టి.ఇ.ఐ. పద్ధతి బోధించునట్లు, ఏ పాఠము ఏ ప్రతినుండి వచ్చినదో యంత్రమునకును తెలియునట్లు గుర్తింపవలయును. పాత ఫాంటులలోని ఫైళ్లను మార్చునపుడు, మార్పువలన వచ్చిన తప్పులను మూలముతో సరిచూచి, మూలమును కూడ దాచవలయును. ఏలయన మార్పిడి యనునది క్రొత్త లేఖకుడు వ్రాసిన క్రొత్త ప్రతియే. పోర్టల్ నేర్పఱచుకొనినచో, లోనికి పోవు మార్గముకంటె ముందుగా వెలికివచ్చు మార్గమును పరీక్షింపవలయును.

ఇవి సాంకేతికులకు అప్పగించి మఱచిపోదగిన పనులు కావు. నకారపొల్లు చరిత్ర మనకు నేర్పినది అదియే: అక్షరమును ఎఱిగినవాడు లేనిచోట యంత్రము దానిని విడిచివేయును. విశాఖ రేవున ఓడకొఱకు పదిమంది ఒకే పత్రమునకు ఒప్పుకొనగలిగిరి. వేయేండ్ల వాఙ్మయమును చేత బట్టుకొనియున్న మనము, దానిని ముందుతరమువారు చదువగల రూపమున నిలుపుటకు ఒప్పుకొనకపోవుటకు తగిన కారణము కనబడదు.