తిరగేసిన అక్షరాలు కూర్చిన చేతులు

తిరువొత్తియూరు నుంచి రాయపురం దాటి దక్షిణానికి వెళ్తే జార్జిటౌన్, అక్కడే ఆంధ్రపత్రిక అచ్చయిన తంబుచెట్టి వీధి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రికైంది. ఆయనే అమ్మిన నొప్పి మందు అమృతాంజనం రాబడి ఆ పత్రికను నిలబెట్టిందని అందరూ చెప్తారు. నేను మాత్రం ముందు అక్షరాలు కూర్చిన కంపోజిటర్లకు దండం పెడతాను. చేత్తో తెలుగు టైపు కూర్చడం ఆషామాషీ పనిగా ఉండేది కాదు. ప్రతి అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేది. టైపు పెట్టెలో ఒత్తులకు వేరే గళ్లు. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాటకే చెయ్యి ఎన్ని గళ్లు వెతకాల్సి వచ్చేదో! సీసమూ సిరా అంటిన ఆ వేళ్లే ఆంధ్రోద్యమ వార్తలనూ, ఉగాది సంచికల సాహిత్యాన్నీ తెలుగువాళ్ల గడపలకు చేర్చాయి. మీ ఇంట్లో పాత సంచిక ఉంటే పారేయకండి, గ్రంథాలయానికి ఇవ్వండి.