‘సై’ అన్నది ఎవరు?

జనం నోట పుట్టిన పాటను పరిశ్రమ తిరిగి పాడినప్పుడు అందులో మిగిలేదేమిటి? నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు నరసింహారెడ్డి పాట ఈ ప్రశ్నను మన ముందుంచుతోంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీపై తిరగబడ్డాడు. తవర్జీ అందకపోవడం తక్షణ కారణం. కాని ఆ తిరుగుబాటుకు బలమిచ్చింది మాన్యాలు పోగొట్టుకుంటున్న కట్టుబడులు. ఒక పాలెగాడి పౌరుషమూ, అనేకుల బతుకుభయమూ అక్కడ కలిశాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. జనాన్ని బెదిరించడానికి కుంఫిణీ ఆయన తలను కోటకు వేలాడదీసింది. జనం పాట కట్టుకున్నారు.

ఆ పాట పల్లవిలోని ‘సై’ బదులు పలికే మాట. ఒకరు పిలిస్తే పదిమంది ‘మేమున్నా’మనడం.

2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రానికి పేరు ఆ పల్లవిదే. సిరివెన్నెల రచనకు అమిత్ త్రివేది బాణీ కట్టగా, సునిధి చౌహాన్, శ్రేయా ఘోషాల్ పాడారు. రేనాటి వీరుని పేరు దేశమంతటా వినిపించింది. ఇది తక్కువ మేలు కాదు. మార్చి పాడటమూ నేరం కాదు. జానపదం బతికేదే మార్పులతో.

అయితే ఇక్కడ మారింది బాణీ ఒక్కటే కాదు. పాడేవారు వేరు, వినేవారు వేరు అయ్యారు. నాయకుడు పెరిగాడు, కట్టుబడి తగ్గాడు. సమ్మతిగా ఉన్న ‘సై’ స్తుతిగా మారింది. ఈ వీరపూజ బీజం జానపద గేయంలోనూ ఉంది, దాన్ని దాచనక్కరలేదు. సినిమా ఆ బీజాన్నే మానుగా పెంచింది.

రేపు ఈ పాటను మళ్ళీ రాసే కవి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: పిలిచినవాడి కథా, పలికినవాళ్ళ కథా?