ఇంగ్లండు ఫుట్‌బాలు అభిమానుల చిరుపత్రికలు

ఫుట్‌బాలు చూచువానికి సంగీతముతో పని యేమి యని యడుగువారు 1981లో లివర్‌పూలునందు ఆరంభమైన 'ది ఎండ్' అను చిరుపత్రికను చూడవలెను. పీటర్ హూటన్ మున్నగు యువకులు నడపిన ఆ పత్రికలో ఆటముచ్చట్లు, పాటకచేరీలు, దుస్తుల వేడుకలు, ఎగతాళి అన్నియు కలగలిసి యుండెను. హూటన్ తరువాత 'ది ఫార్మ్' అను వాద్యబృందమున గాయకుడయ్యెను.

ఇట్టి పత్రికల బలమెచ్చట నున్నది? పాటను పొగడినను, టెలివిజను కార్యక్రమమును తెగడినను, వ్రాయువాడు టిక్కెట్టు కొని మెట్లపై నిలిచి ఆట చూచినవాడే. "ఒరేయ్, ఇది వినరా" అను చెలికాని చనువే అతని విమర్శ. హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కెట్ బృందమువారు, ఆ రాత్రి తమ ట్రాన్‌మియర్ రోవర్స్ ఆట యున్నదని, 'ది ట్యూబ్' అను టెలివిజను కార్యక్రమమునకే పోమనిరి. హెలికాప్టరు పంపెదమన్నను కదలలేదట!

1994లో బి.బి.సి. వారి 'ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్' ఈ హాస్యమును ఇంటింటికిని చేర్చినది. నేను మెచ్చలేనిది ఇచ్చటనే. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడు జేసన్ లీ జుట్టును అనాసపండుతో పోల్చి, డేవిడ్ బాడియల్ ముఖమునకు నల్లరంగు పూసికొని అతనిని వెక్కిరించెను. ఆ వెక్కిరింత పాటయై మైదానముల కెక్కినది. చిరుపత్రికల పరిహాసము క్లబ్బు యజమానులపై, అధికారులపై ఎక్కుపెట్టినది; ఇది స్టూడియోలో కూర్చుండి ఒంటరివానిపై విసరినది. నవ్వు ఒకటే, నిలుచున్న చోటు మారినది. బాడియల్ లీని కలిసి క్షమాపణ చెప్పుట 2022లో ప్రసారమైనది. అప్పటికి పాతికేండ్లు దాటినవి.