మూడు భాషల్లోనూ అర్థం లేని మాట

మన వైపు మనోవిజ్ఞానం అంటే చాలామందికి టెట్‌లో 30 మార్కులు. నాకూ అంతే. మదనపల్లెలో కోచింగ్‌కు పోయే రోజుల్లో పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, స్కిన్నర్ అంటే ఎలుక. మనసును గమనించుకోమని జీవితాంతం చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊళ్లోనే, నా మనసు జోలికి పోకుండా బిట్లు బట్టీపట్టి గట్టెక్కాను.

తిండి పెట్టకముందే, చప్పుడుకే చొంగ కార్చే ఆ పావ్‌లోవ్ కుక్క సంగతి నాకు నిజంగా తెలిసింది పుంగనూరులో, పిన్నమ్మ వాళ్ల ఆవు దగ్గర. మూడడుగుల పొట్టి ఆవు. దూడను విడవకముందే, చెంబు చప్పుడుకే చేపేది. పిన్నమ్మకు అందులో వింతేమీ లేదు. నేనే గాటిపట్టున నిలబడిపోయాను. (పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద పనికి. ఇది బిట్టుగా అడిగితే నేనూ తప్పు రాసేవాణ్ణే.)

సీబీఎస్ఈలో 11, 12 తరగతుల పిల్లలు సైకాలజీని ఎంచుకోవచ్చు. థియరీ 70, ప్రాక్టికల్స్ 30. అది తీసుకున్న నలుగురికి కుప్పంలో ఆదివారాలు చెబుతున్నాను. మొన్నటి పాఠం ఎబ్బింగ్‌హౌస్. ఆయన అర్థంలేని అక్షరాల గుంపులు 2,300 దాకా తయారుచేసుకుని, తన మీదే ప్రయోగం చేసుకుని, మరుపు లెక్కను 1885లో అచ్చువేశాడు. ఒక రోజు గడిచి మళ్లీ నేర్చుకుంటే కలిసొచ్చే శ్రమ దాదాపు మూడో వంతే.

మనమూ చేద్దామన్నాను. చిక్కొచ్చింది. ఆయన గుంపులు హల్లుతో ముగుస్తాయి, మనది అజంత భాష. సరే, రెండక్షరాల మాటలు అల్లాను. బోర్డు మీద ‘మనె’ అని రాయగానే ఒక పిల్ల కిసుక్కుమంది. “సార్, కన్నడంలో అది ఇల్లు!” ‘కిళి’ రాస్తే వెనకనుంచి ఇంకో అబ్బాయి, “అరవంలో చిలక సార్.” కుప్పంలో ఏ రెండక్షరాలు కలిపినా ఎవరో ఒకరి ఇంట్లో మాటే.

ప్రయోగం చెడింది. కానీ మరుసటి ఆదివారం జాబితా అప్పజెప్పమంటే ఆ పిల్ల ‘మనె’ మరవలేదు, ఆ అబ్బాయి ‘కిళి’ మరవలేదు. మిగతావి ఇద్దరికీ గల్లంతే. ఎబ్బింగ్‌హౌస్ అర్థాన్ని ఎందుకు ఏరిపారేశాడో నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మా జాబితాలో ఇంకా ఏడు ఖాళీలున్నాయి. తెలుగు, కన్నడం, అరవం మూడింట్లోనూ అర్థంలేని రెండక్షరాల మాట మీకు తోస్తే, రాసి పంపండి.