కన్నం ఎవరిది?

పెరట్లో కన్నం కనబడగానే చాలా ఇళ్లలో ముందు వచ్చే మాట పాము. నాగుపాము కన్నం తవ్వుకోదు. ఎలుక తవ్విందో, చెదలు పెట్టిన పుట్టో చూసుకుని దూరుతుంది. అందుకే తవ్విందెవరో ముందు తేల్చుకోవాలంటాను. నేనైతే కన్నం కంటే దాని ముందు పోసిన మట్టినే ఎక్కువసేపు చూస్తాను.

కొబ్బరిచెట్టు మొదట్లోనో గోడవారనో పిడికిలి దూరేంత కన్నం, ముందు బోలెడు మట్టి ఉంటే అది పందికొక్కు పని. రాత్రి తోడిన మట్టి పొద్దున్నే తడిగా, చుట్టుపక్కల నేలకన్నా ముదురు రంగులో ఉంటుంది. ఎండెక్కితే ఆ తేడా పోతుంది, కాబట్టి తెల్లారగానే చూడాలి. పొలం ఎలుక ఇంకా గడుసుది. లోపలికెళ్లి మట్టితో నోరు మూసేసుకుంటుంది. పైకి మట్టికుప్పే తప్ప కన్నం కనబడదు. కోతలప్పుడు అక్కడ తవ్వితే లోపల దాచిన వరికంకులు గుత్తులుగా బయటపడతాయి. కాలవగట్టున నీటి అంచునే కన్నం, చుట్టూ బురద ఉండలు ఉంటే పీత. ముంగిస పురుగుల కోసం గీరిన గుంటకు లోతుండదు, దాన్ని వదిలెయ్యొచ్చు.

అనుమానం తీరకపోతే సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసెయ్యండి. తెల్లారేసరికి ఏది తెరుచుకుంటే కాపురం అందులోనే. వ్యవసాయాధికారులు రైతులకు చెప్పేదీ ఇదే. 96 పాళ్ల నూకల్లో 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ మందు కలిపి, పొట్లాలు కట్టి, తెరుచుకున్న కన్నాల్లోనే వెయ్యమంటారు. ఆ మందు రక్తం గడ్డకట్టనివ్వదు. తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. ఈలోగా దాన్ని పట్టి తిన్న గుడ్లగూబకూ, పిల్లికీ ముప్పే. అందుకే పెరట్లో మందు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఎలుకలు పట్టే యానాదుల పనితనం మీద నాకు చాలా గౌరవం. కుండలో గడ్డి రాజేసి కన్నంలోకి పొగ ఊదేముందు, మిగతా దారులన్నీ వెతికి మూస్తారు. ఎలుక సాధారణంగా ఒక్క దారితో ఇల్లు కట్టుకోదని వాళ్లకు తెలుసు.

కన్నం ఎవరిదైనా చెయ్యి మాత్రం పెట్టొద్దు, కర్రతోనే కదపండి. కోళ్ల దాణా, అన్నం మెతుకులు రాత్రిపూట పెరట్లో వదలకండి. పందికొక్కు వచ్చేది వాటికోసమే.