ముప్పై ఒక్క కేకులు

సంక్రాంతికి మా ఇంట్లో అరిసెల పాకం కన్నా ముందు లెక్క తయారయ్యేది. "అక్కయ్య అత్తవారింటికి పాతిక, పక్కింటివాళ్ళు పది ఇచ్చారు గనక మనమూ పది" అనేది అమ్మ. ఆ లెక్కలో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు, ట్రూమన్ కపోటీ 1956లో రాసిన 'ఎ క్రిస్మస్ మెమరీ' కథ చదివేదాకా.

కథ ఎంతని? ఏడేళ్ళ కుర్రాడూ, అతనికి దూరపు చుట్టమైన అరవై దాటిన ఆవిడా. ఏడాదంతా చిల్లర కూడబెట్టి, చెట్ల కింద రాలిన పికాన్ కాయలు ఏరి, 31 ఫ్రూట్ కేకులు చేస్తారు. ఎవరికనుకున్నారు? ప్రెసిడెంట్ రూజ్వెల్ట్‌కి, కత్తులు సానబట్టేవాడికి, బస్సు డ్రైవరుకి! తిరిగి ఏమీ పెట్టనివాళ్ళకన్న మాట. కేకుల్లోకి విస్కీ అమ్మిన మనిషి డబ్బు వెనక్కిచ్చేసి, ఓ కేకు పంపితే చాలంటాడు. అతని కేకులో ఒక కప్పు ఎండుద్రాక్ష ఎక్కువ పడుతుంది. ఆ ఒక్క కప్పుతో ఆవిడ మనసంతా చూపించేశాడు రచయిత.

నాదొకటే ఫిర్యాదు. ఆ ఇంట్లో మిగతా బంధువులు కోప్పడ్డానికే కనిపిస్తారు. వాళ్ళకీ ఓ మనసుంటుంది కదా, కాస్త చూపించొద్దూ? అయినా చివర్లో, కుర్రాడు దూరంగా చదువుకి వెళ్ళిపోయాక, ఆవిడ ఒంటరిగా కేకులు చేసి అన్నిట్లోకీ మేలైనది అతనికి పంపుతుంది. అక్కడ నా ఫిర్యాదు కాస్తా మరిచిపోయాను.

మొన్న పండక్కి పది అరిసెలు మా పోస్ట్‌మాన్ చేతిలో పెట్టాను. అమ్మ ఉంటే, "ఇది ఏ లెక్కలోదే?" అని అడిగి ఉండేది.